తెలుపవలసినవి, తొలగింపవలసినవి

ఇంటిలో వండిన అన్నమును తినువానికి కూరలో ఎంత ఉప్పు పడినదో, పోపునకు ఏ నూనె వాడిరో అడిగి తెలిసికొనుటకు వీలున్నది. వండినవారు కనులయెదుటనే యుందురు, తినువాని మేలు వారికి తమ మేలే. హోటలునకు పోయి బల్లముందు కూర్చున్నవానికి ఆ వీలు లేదు. మూకుడులో మరుగుచున్న నూనె నేటిదా మొన్నటిదా, కబాబునకు వచ్చిన ఎరుపు మిరపకాయదా రంగుపొడిదా, పఫ్ఫు పొరలలో కలిసిన కొవ్వు ఎట్టిది అను సంగతులన్నియు గోడ కావలి వంటగదిలోనే నిలిచిపోవును. రుచియెట్టిదో నాలుక చెప్పగలదు. పదియేండ్ల పిమ్మట రక్తనాళములలో కానవచ్చు ఫలితమును ఏ నాలుకయు చెప్పజాలదు. ఈ అజ్ఞానము తినువాని దోషము కాదు, బయటి భోజనపు స్వభావమే అట్టిది. పనులకై, చదువులకై ఇల్లు విడిచి లక్షలాది జనులు దినమున కొక పూటయైనను హోటలు భోజనముపై ఆధారపడు నేటికాలమున, ఆ గోడ కావల జరుగుదానిని విచారించు బాధ్యత ప్రభుత్వముపై పడుచున్నది.

ఆ బాధ్యత రెండు రీతుల నెరవేరును. పదార్థమున నేమి యున్నదో తినువానికి తెలియునట్లు వ్రాయించుట మొదటిది. తినదగనిదానిని వంటగదిలోనికే రానీయకుండుట రెండవది. ఈ రెంటిలో ఒకటి చేసిన రెండవది అక్కరలేదని తలంచుటవలనను, ఒకదానిచే కావలసిన పనికి మరియొకదానిని నియోగించుటవలనను పాలకులు తరచుగా పొరబడుచున్నారు. తినువాని అవసరములనుబట్టి, దేహస్థితినిబట్టి ఒకనికి మేలును మరియొకనికి కీడును అగుదానిని తెలుపవలెను. ఎవ్వరికిని మేలుచేయక, కంటికిగాని నాలుకకుగాని పట్టుబడక, అందరికిని కీడే చేయుదానిని తొలగింపవలెను. గడచిన యిరువదేండ్లలో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని నగరములును రాష్ట్రములును చేసిన చట్టముల అనుభవము ఈ భేదమును స్పష్టముగా చూపుచున్నది. మన రెండు తెలుగు ప్రభుత్వములును దానినుండి గ్రహింపవలసినది చాల కలదు.

ముందుగా ట్రాన్స్ కొవ్వుల చరిత్రను పరిశీలింతము. ద్రవరూపమున నుండు నూనెలోనికి ఉదజని వాయువును పంపి, దానిని నేతివలె గడ్డకట్టించు విద్య ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఐరోపాలో పుట్టినది. అది 1911 లో అమెరికాలో క్రిస్కో అను పేరునను, 1937 లో మన దేశమున డాల్డా అను పేరునను బజారునకు వచ్చినది. వెన్నకంటెను నేతికంటెను చౌక, చిరకాలము నిలువయుండును, పలుమారులు కాచినను త్వరగా చెడదు, బిస్కట్టునకు పెళుసుదనమును పఫ్ఫునకు పొరలను ఇచ్చును: ఇన్ని సౌకర్యములు గల వస్తువును బేకరీలును, మిఠాయి దుకాణములును, వేపుడు అంగళ్లును ఆదరించుటలో వింత లేదు. కాని నూనె సంపూర్ణముగాక పాక్షికముగా ఉదజనీకృతమైనపుడు దానిలో పుట్టు ట్రాన్స్ కొవ్వులు, రక్తమున చెడు కొలెస్టరాలును పెంచి, మంచి కొలెస్టరాలును తగ్గించునని 1990 లో డచ్చి శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకముగా నిరూపించిరి. మనము గ్రహించు ఆహారశక్తిలో కేవలము 2 శాతము ఈ కొవ్వులనుండి వచ్చినను గుండెజబ్బుల సంభవము 23 శాతము పెరుగునని 2006 లో వెలువడిన యొక సమీక్ష లెక్కగట్టినది. ఈ కొవ్వువలన దేహమునకు ఒనగూడు ప్రయోజన మొక్కటియు లేదు. లాభమంతయు అమ్మువానిది, నష్టమంతయు తినువానిది.

ఇట్టి పదార్థము విషయమున న్యూయార్కు నగరము నడచిన త్రోవ గమనింపదగినది. 2005 లో ఆ నగర ఆరోగ్యశాఖ మొదట ఎవరిని నిర్బంధింపక, ట్రాన్స్ కొవ్వులను స్వచ్ఛందముగా విడనాడుడని హోటళ్లవారిని అభ్యర్థించి, వారికి ఉత్తరములు వ్రాసి, శిక్షణ నిచ్చి, ప్రజలకు ప్రబోధము చేసినది. ఏడాది గడచిన పిమ్మట లెక్కచూడగా, అంతకుముందు సగము హోటళ్లలో వాడుకలో నున్న ఆ కొవ్వు అప్పటికిని సగము హోటళ్లలో వాడుకలోనే యున్నది. విన్నపములకు లొంగని వ్యాపారము శాసనమునకు లొంగినది. 2006 డిసెంబరులో నగర ఆరోగ్యమండలి చేసిన నిబంధన ప్రకారము వడ్డనకు అరగ్రాముగాని అంతకంటె ఎక్కువగాని ట్రాన్స్ కొవ్వు ఉండరాదు. వేపుడు నూనెలకు 2007 జులై, తక్కిన పదార్థములకు 2008 జులై గడువుగా నిర్ణయింపబడినవి. 2008 లో కాలిఫోర్నియా, దేశమున తొలిసారిగా, రాష్ట్రమంతటికిని ఇట్టి చట్టమునే చేసి, వేపుళ్లకు 2010 నుండియు, బేకరీ పదార్థములకు 2011 నుండియు అమలుపరచినది. హోటళ్లు మూతపడునని, రుచులు నశించునని పలికిన భయములు నిజము కాలేదు. వంటవారు వేరు నూనెలకు మారిరి, జనులు మునుపటివలెనే తినుచుండిరి.

ఫలితములను కొలిచి చూచినవారు కలరు. న్యూయార్కులోని ఫాస్ట్ ఫుడ్ దుకాణములలో ఒక మధ్యాహ్నభోజనపు కొనుగోలులో ట్రాన్స్ కొవ్వు 2007 కును 2009 కును నడుమ సగటున 2.4 గ్రాములు తగ్గినది. ఆ తగ్గుదల సంపన్నులుండు పేటలలోను, పేదలుండు పేటలలోను ఇంచుమించు సమానముగా నుండినది. ఈ రెండవ సంగతి మొదటిదానికంటె ముఖ్యమైనదని నా తలంపు. న్యూయార్కు రాష్ట్రమున ఇట్టి నిబంధనలున్న కౌంటీలను, లేని కౌంటీలతో పోల్చి 2017 లో ప్రకటించిన యొక పరిశోధనలో, నిబంధన వచ్చిన మూడేండ్లు దాటిన పిమ్మట గుండెపోటు, పక్షవాతములతో ఆస్పత్రిలో చేరినవారి సంఖ్య 6.2 శాతము అదనముగా తగ్గినట్లు తేలినది. ఆ మేలు పొందినవారిలో అనేకులకు తమ పక్షమున చట్టమొకటి పనిచేసినదని కూడ తెలియదు. వారు ఒక అక్షరమైనను చదువనక్కరలేకపోయెను, ఒక పైసయైనను అదనముగా వెచ్చింపనక్కరలేకపోయెను.

ఇక తెలుపు చట్టముల కథ. ఆ 2006 లోనే న్యూయార్కు నగరము, హోటలు సంస్థలు తమ మెనూ పలకలపై ధరప్రక్కనే కేలరీలను కూడ వ్రాయవలెనని ఆదేశించినది. వ్యాపారులు న్యాయస్థానమున కేగిరి. కేంద్రచట్టమునకు విరుద్ధమని న్యాయమూర్తి 2007 లో దానిని కొట్టివేసిరి. నగరమువారు నిబంధనను సవరించి 2008 లో మరల తెచ్చిరి. 2009 లో పై న్యాయస్థానము దానిని ఆమోదించినది. ఆ సంవత్సరములలోనే కాలిఫోర్నియా, ఓరెగాన్, మెయిన్, మసాచుసెట్స్, న్యూజెర్సీలు తమతమ రీతుల ఇట్టి చట్టములను చేసినవి. ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క నిబంధన యుండుట కంటె దేశమంతట ఒక్కటే యుండుట తమకు సులువని తుదకు హోటలు సంస్థల సంఘమే కేంద్రచట్టమును కోరవలసివచ్చినది. ఆ విధముగా 2010 ఆరోగ్యచట్టమున ఇరువదికి తక్కువకాని శాఖలుగల సంస్థలన్నియు కేలరీలు ప్రకటింపవలెనను సెక్షను చేరినది. అది అమలునకు వచ్చుసరికి 2018 మే మాసమయ్యెను. నేడు డల్లాసులోనో, ఎడిసన్‌లోనో పెద్ద ఫాస్ట్ ఫుడ్ దుకాణమునకు పోయిన మన తెలుగు కుటుంబమునకు ధరప్రక్క కేలరీల సంఖ్య కానవచ్చును. ఆ వీధిలోనే యున్న, ఇరువది శాఖలు లేని బిర్యానీ హోటలున ఆ సంఖ్య యుండవలెనను నిర్బంధము లేదు.

ఈ సంఖ్యలవలన జనుల తిండి మారినదా? ఇచ్చట నిజమును నిజముగా ఒప్పుకొనవలెను. న్యూయార్కులోని పేద పేటలలో 2009 లో జరిపిన పరిశీలనలో, సంఖ్యలను గమనించితిమని సగముమంది చెప్పిరి గాని, కొన్న కేలరీలు మాత్రము తగ్గలేదు. కాఫీ అమ్ము నొక పెద్ద సంస్థ లెక్కలను పరిశీలింపగా, ఒక్కొక్క కొనుగోలులో కేలరీలు 6 శాతము తగ్గినట్లు కనుపించినది. అనగా చదువును తీరికయు, చేతిలో నాలుగు డబ్బులును గలవానికి సంఖ్య కొంత ఉపకరించినది. పని ముగించుకొని ఆకలితో పరుగున వచ్చి, తక్కువ ధరకు కడుపునిండునదేదో కొనుక్కొనిపోవు కూలివానికి అది ఉపకరింపలేదు. ట్రాన్స్ కొవ్వుల నిషేధముతో దీనిని సరిపోల్చినచో నేను చెప్పదలచిన విషయము తేటపడును. తెలుపు చట్టము వానివాని శక్తిననుసరించి ఫలించును. తొలగించు చట్టము ధనికుని, దరిద్రుని, పండితుని, నిరక్షరాస్యుని ఏకరీతిగా కాపాడును.

అట్లని తెలుపు చట్టము వ్యర్థమనుట తగదు. దాని స్థానమున దానికి గొప్ప విలువ కలదు. వేరుసెనగపప్పు నూరుమందికి బలమునిచ్చు ఆహారము. అది సరిపడని ఒక బాలునికి ప్రాణాంతకము. దానిని నిషేధించుట అవివేకము, చెప్పకుండుట అపరాధము. కాలిఫోర్నియా 2025 లో చేసిన చట్టము, ఇరువదికి తక్కువకాని శాఖలుగల హోటలు సంస్థలు ఇట్టి అలర్జీకారక పదార్థములను మెనూలో తెలుపవలెనని నిర్దేశించినది. ఉప్పు సంగతియు నిట్టిదే: ఒక దినమునకు పరిమితియైన 2,300 మిల్లీగ్రాముల సోడియము ఒకే వంటకమున నున్నచో, దాని పేరుప్రక్కన ఉప్పుబుడ్డి చిహ్నమును ముద్రింపవలెనని న్యూయార్కు నగరము 2015 లో ఆదేశించినది. రక్తపోటుగలవాడు చదువకయే గుర్తుపట్టగల చిహ్నమది. అంతేగాక, సంఖ్యను బహిరంగముగా వ్రాయవలసివచ్చినపుడు అమ్మువానికే సంకోచము కలుగును. పెద్ద సంస్థలు కొత్తగా ప్రవేశపెట్టిన వంటకములలో కేలరీలు మునుపటివానికంటె తక్కువగా నుండినవని పరిశోధకులు చూపిరి. ఫలకము తినువానిని మార్చకపోయినను వండువానిని కొంత మార్చును.

ఈ రెంటి హద్దులను మీరినపుడు చట్టము తన గౌరవమును తానే పోగొట్టుకొనును. 2012 లో న్యూయార్కు నగరము తీపిపానీయముల పాత్ర 16 ఔన్సులకు, అనగా అరలీటరునకు లోపలగా, మించరాదని నియమించినది. అట్టి అధికారము ఆరోగ్యమండలికి లేదని 2014 లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము త్రోసివేసినది. ఆ పానీయము తియ్యనిదని త్రాగువానికి తెలియును. త్రాగుటయా మానుటయా అనునది వాని యిష్టము. కాన నది తెలుపు చట్టమునకు తగిన విషయము. ఇక లూసియానా రాష్ట్రము 2025 లో చేసిన చట్టము మరియొక విధమైన దోషమునకు ఉదాహరణము. 2028 నుండి అచ్చటి హోటళ్లు తాము గింజల నూనెలతో వండినచో ఆ సంగతిని ప్రకటింపవలెనట. ఆ జాబితాలో సోయాబీను, పొద్దుతిరుగుడు, తవుడు నూనెలు చేరియున్నవి. తెలుగునాట వేలాది ఇండ్లలో దినదినము వాడబడు నూనెలివి. సంతృప్త కొవ్వులకు బదులుగా ఇట్టి నూనెలను మితముగా వాడిన గుండెకు మేలని దశాబ్దుల పరిశోధన చెప్పుచుండగా, వీనిని హెచ్చరికవలె గోడపై వ్రాయించుట జనులను భయపెట్టునే గాని బోధింపదు. నిరాధారమైన హెచ్చరిక ఒకటి వెలసినచో, ఆధారముగల పది హెచ్చరికలను సైతము జనులు నమ్మకుందురు.

రాష్ట్రములు ముందడుగు వేయుటవలన కలుగు మేలు మాత్రము కాదనరానిది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ కుమ్మరో 1957 నుండియు ట్రాన్స్ కొవ్వులనుగూర్చి హెచ్చరించుచుండెను. ఆయన 2009 లో కేంద్రపు ఆహారౌషధ సంస్థకు అర్జీపెట్టి, ప్రత్యుత్తరము రాకపోగా 2013 లో, తొంబదియెనిమిదేండ్ల వయస్సున, న్యాయస్థానము నాశ్రయించెను. ఆ సంస్థ తుది నిర్ణయము ప్రకటించినది 2015 లో; అది అమలునకు వచ్చినది 2018 లో; అంతకు ముందటి యేడే ఆయన కన్నుమూసెను. న్యూయార్కును కాలిఫోర్నియాయును కేంద్రముకొరకు వేచియుండినచో మధ్యనున్న ఆ పదేండ్లలో ఎన్ని ప్రాణములు పోయెడివో! 2023 లో కాలిఫోర్నియా, బ్రోమినేటెడ్ వెజిటబుల్ ఆయిల్, పొటాషియం బ్రోమేట్, ప్రొపైల్ పారాబెన్, రెడ్ 3 రంగు అను నాలుగింటిని 2027 నుండి నిషేధించినది. మరుసటియేడే కేంద్రము మొదటిదానిని, 2025 లో చివరిదానిని తానును నిషేధించినది. వీనిలో మొదటిదానిని మన దేశము 1990 లోను, బ్రెడ్డులో వాడు పొటాషియం బ్రోమేట్‌ను 2016 లోను అంతకుముందే నిషేధించియున్నదని చెప్పుకొనుట మనకు గౌరవము.

మనకు చట్టములు కొరవడలేదు. 2006 నాటి ఆహారభద్రతా ప్రమాణముల చట్టము ఉన్నది. నూనెలలో, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వుల పరిమితిని 10 శాతమునుండి 5 కును, 2021 లో 3 కును, 2022 లో 2 శాతమునకును ఆ చట్టము నమలుపరచు మన కేంద్రసంస్థ తగ్గించినది. పది లేక అంతకు మించిన శాఖలుగల హోటలు సంస్థలు మెనూలో కేలరీలను, అలర్జీకారక పదార్థములను తెలుపవలెనను నిబంధన 2022 నుండి అమలులో నున్నది. వేపుడు నూనెలో చెడిన అంశములు 25 శాతము మించినచో దానిని పారవేయవలెనని 2018 నుండి శాసనము. 2006 నాటి చట్టపు 30వ సెక్షను ప్రకారము రాష్ట్రపు ఆహారభద్రతా కమిషనరు, ప్రజారోగ్యమునకై ఏ ఆహారపదార్థమునైనను ఏడాదివరకు నిషేధింపవచ్చును. తనిఖీ అధికారులు రాష్ట్రమువారే, అనుమతుల నిచ్చువారిలో అధికులు రాష్ట్రమువారే.

లోపమంతయు వినియోగమున నున్నది. 2024 అక్టోబరులో హైదరాబాదున మోమోలు తిని ఒక స్త్రీ మరణించి, పలువురు ఆస్పత్రుల పాలైన పిమ్మట తెలంగాణ ప్రభుత్వము పచ్చిగ్రుడ్లతో చేయు మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించినది. ఆ నిషేధము సమంజసమే. తొలగింపవలసిన దానినే తొలగించిరి. అయితే అధికారము చేతనుండగా, పచ్చిగ్రుడ్లలో సాల్మొనెల్లా క్రిమి యుండవచ్చునను సంగతి లోకవిదితమై యుండగా, ఒక ప్రాణము పోవువరకు వేచియుండుట ఏల? ఆ యేడే మరణము కొరకు వేచియుండక తమిళనాడు రోడమిన్-బి రంగు బయటపడిన పీచుమిఠాయిని, కర్ణాటకము గోబీమంచూరియాలోను కబాబులోను కలుపు కృత్రిమపు రంగులను, నమూనాల పరీక్షలపై ఆధారపడి నిషేధించినవి. ముందుగా పరీక్షించుట, కనుగొనినదానిని ప్రకటించుట, పిదప నిషేధించుట సక్రమమైన వరుస.

చిన్నవ్యాపారి ఈ భారమును మోయలేడను ఆక్షేపణ న్యాయమైనది, దానికి సమాధానము చెప్పవలెను. తోపుడుబండిమీద పునుగులు వేయువానిని కేలరీలు లెక్కించి వ్రాయుమనుట అన్యాయము; తెలుపు చట్టము పెద్ద సంస్థలకే పరిమితమై యుండుట తగును. తొలగించు చట్టము పునుగులవానిపై ఆ భారము మోపదు. ట్రాన్స్ కొవ్వులుగల వనస్పతి కర్మాగారముననే తయారు కానిచో, విషపు రంగు టోకు దుకాణమున దొరకనిచో, అతడు పొరబడుటకే అవకాశముండదు. కనుక అధికారుల దృష్టి బండివానిమీదగాక అతనికి సరకు నమ్ము కర్మాగారముమీదను, టోకు వర్తకునిమీదను ముందుగా పడవలెను. ఇష్టమువచ్చినది తిను స్వాతంత్ర్యమునకు భంగమను రెండవ ఆక్షేపణకు పైన చెప్పిన భేదమే సమాధానము: పఫ్ఫు కావలెనని కోరినవారు కోట్లమంది కలరు, అందులో ట్రాన్స్ కొవ్వు కావలెనని కోరినవా డొక్కడును లేడు.

భారత వైద్య పరిశోధనా మండలి (ఐ.సి.ఎం.ఆర్.) వారు 2023 లో ప్రకటించిన పరిశోధన ప్రకారము దేశమున 10.1 కోట్ల మంది మధుమేహముతో నున్నారు. ఇట్టి స్థితిలో ఆహారమునుగూర్చి సలహా నిచ్చుటకు మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ యున్నది; 1958 లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన ఆ సంస్థలో భారతీయుల ఆహారమునుగూర్చిన విజ్ఞానము రాశీభూతమై యున్నది. రెండు రాష్ట్రప్రభుత్వములును ఆ సంస్థను సలహాదారుగా గైకొని మూడు పనులు చేయవలెనని నా విన్నపము. బేకరీ కొవ్వులను, మిఠాయి రంగులను, వేపుడు నూనెలను ప్రతి జిల్లాలోను నియతముగా పరీక్షింపజేసి, ఫలితములను మూడునెలల కొకసారి పత్రికలలో ప్రకటింపవలెను. 2024 లో హైదరాబాదు వంటగదుల తనిఖీఫలితములను ప్రజలకు వెల్లడించిన తెలంగాణ అధికారుల ఉత్సాహము ఒక ఋతువుతో ముగియక, 2010 నుండి న్యూయార్కులో జరుగుచున్నట్లు, ప్రతి హోటలు వాకిట దాని శ్రేణిని తెలుపు అక్షరము వ్రేలాడునంతవరకు సాగవలెను. పరీక్షలో ప్రజలకు హానికరమని నిర్ధారణయైన పదార్థమును 30వ సెక్షను క్రింద వెంటనే నిషేధించి, ఏడాది గడువు తీరకముందే దానిని శాశ్వతముగా నిషేధింపుమని కేంద్రమును ఆధారసహితముగా కోరవలెను. ఈ మూడింటికిని కొత్త చట్టమేదియు అక్కరలేదు. ఉన్నదానిని కాలాతిక్రమణము లేక వినియోగించు సంకల్ప మొక్కటి చాలును, దానిని మన ప్రభుత్వములనుండి కోరుట హోటలు బల్లముందు కూర్చుండు ప్రతి పౌరుని హక్కు.